పంతుళ్లకు పన్నెండు రోజుల బడి

2020లో బడులు మూతపడ్డాక పత్రికల్లో, టీవీ చర్చల్లో ఒక ప్రశ్న తెగ నలిగింది. సర్కారు బడి టీచర్లు ఆన్‌లైన్ పాఠాలకు సిద్ధంగా ఉన్నారా అని. అడిగినవాళ్లూ జవాబిచ్చినవాళ్లూ అదేదో అప్పుడే పుట్టిన అవసరం అన్నట్టు మాట్లాడారు. కానీ ఎక్కడో దూరం నుంచి వచ్చే తెర మీది పాఠానికి పల్లెటూరి పంతులును సిద్ధం చేసే పని మన దగ్గర 1975లోనే జరిగింది. మహబూబ్‌నగర్, మెదక్, కర్నూలు లాంటి జిల్లాల పల్లెల్లో జరిగింది. ఆ పని ఎట్లా చేశారో, ఎంత ఓపికగా చేశారో గుర్తుపెట్టుకుని ఉంటే 2020 మాకు అంత కష్టంగా గడిచేది కాదని నా గట్టి నమ్మకం. నేను పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, జిల్లాలో ఫిజికల్ సైన్స్ చెప్పే టీచరును. మా నాయిన ప్రాథమిక పాఠశాల పంతులు. 1975 తర్ఫీదుకు కూర్చున్నవాళ్లలో ఆయనా ఒకరు. ఆ సంగతులు మా ఇంట్లో అన్నాల దగ్గర ఎన్నోసార్లు విన్నాను. తర్వాత నేనే టీచరునయ్యాక వాటి విలువ తెలిసింది.

ఆ పథకాన్ని అందరూ సైట్ అనేవాళ్లు. ఉపగ్రహం ద్వారా టీవీలో బోధించి చూసే ప్రయోగం అది. 1969లో మన అణుశక్తి శాఖకూ అమెరికా నాసాకూ ఒప్పందం కుదిరింది. వెనక ఉన్న ఆలోచన విక్రమ్ సారాభాయ్‌ది. ఊరూరికీ మంచి బడి, చదువుకున్న పంతులు చేరేదాకా ఆగనక్కర్లేదు, ఆకాశం నుంచి నేరుగా పల్లెకే పాఠం దింపవచ్చు అని ఆయన నమ్మారు. ఆ పని మొదలవడం చూడకుండానే 1971 డిసెంబరు చివర్లో పోయారు. నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక్క ఏడాదికి మనకు వాడుకోనిచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు బొమ్మ దిగింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒడిశా, బిహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ ఆ ఆరు రాష్ట్రాలు. కావాలనే వెనకబడిన జిల్లాలను ఏరుకున్నారు. మా జిల్లా పేరు అందులో ఉండడానికి కారణం వేరే చెప్పనక్కర్లేదు.

అప్పటికి హైదరాబాదులో టీవీ ప్రసారాలు లేవు. దూరదర్శన్ హైదరాబాద్ కేంద్రం మొదలైంది 1977 అక్టోబరులో. అంటే పట్నంలో పెద్ద పెద్ద బంగళాల్లో లేని బొమ్మ, పాలమూరులో వాన కోసం ఎదురుచూసే పల్లెల బడి వరండాల్లో ముందు కనబడింది. ఈ మాట ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు.

సెట్లను తయారుచేసింది హైదరాబాదులోని ఈసీఐఎల్. నలుపు తెలుపు పెట్టెలు. యాంటెన్నా గొడుగు మూడు మీటర్ల వెడల్పు. దాన్ని కోళ్లఫారాలకు కట్టే ఇనుప జాలీతోనే చేశారు. తేలిక, చవక, గాలికి ఎదురొడ్డాల్సిన పని లేదు, చిరిగితే ఊళ్లోనే కుట్టుకోవచ్చు. అట్లాంటి జాలీ గొడుగు అమెరికా ఉపగ్రహం నుంచి సూటిగా సంకేతం అందుకుంది. అహ్మదాబాదులోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రం ఈ పనికంతటికీ కేంద్రం. యశ్‌పాల్ అప్పుడు దానికి డైరెక్టర్. భౌతిక శాస్త్రవేత్తగా ఎంత పెద్దవారో, పిల్లలకు సైన్సు ఎట్లా అందాలన్న పట్టింపులోనూ అంత పెద్దవారు. తెలుగు, కన్నడ కార్యక్రమాలు హైదరాబాదు స్టూడియోలో తయారయ్యేవి. ఒకే బొమ్మకు రెండు భాషల మాటలు జోడించి పంపే వీలు ఆ ఉపగ్రహానికి ఉండేది.

పొద్దున పూట బడి పిల్లలకు. ఒక్కో భాషకు సుమారు 22 నిమిషాలు. సాయంత్రం ఊరి పెద్దలకు: సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, వార్తలు. అది ఎమర్జెన్సీ కాలం కాబట్టి సాయంత్రం కార్యక్రమాల్లో సర్కారు గొంతు ఎంత బలంగా ఉండేదో ఊహించుకోవచ్చు. నా ధ్యాస ఇప్పుడు దాని మీద లేదు. పొద్దుటి కార్యక్రమం మీద కూడా లేదు. సైట్ పేరు ఎత్తినప్పుడు చాలామంది చెప్పకుండా దాటేసే మూడో ముక్క ఒకటుంది. అది టీచర్ల తర్ఫీదు.

అప్పటి ప్రాథమిక పాఠశాల పంతుళ్లు ఎక్కువమంది మెట్రిక్ దాకా చదివి, ట్రైనింగ్ అయి వచ్చినవాళ్లు. సైన్సు అంటే వాళ్లకు పాఠ్యపుస్తకంలోని జవాబులే. ప్రయోగం చేసిన చేతులు లేవు, చేయడానికి సామాను లేదు. ఏకోపాధ్యాయ పాఠశాలలు చాలా ఉండేవి. ఒక పంతులు, ఐదు తరగతులు, ఒక వరండా. అట్లాంటి వాళ్లకు సైన్సు ఎట్లా చెప్పాలో నేర్పాలని ఎన్‌సీఈఆర్‌టీ కింద ఉన్న విద్యా సాంకేతిక కేంద్రం ఒక పథకం వేసింది. సైట్ ఊళ్లలో ఒక్కో టీవీ దగ్గరికి చుట్టుపక్కల బడుల నుంచి పదేసి మంది పంతుళ్లు రావాలి. పన్నెండు రోజులు కూర్చోవాలి. 1975 అక్టోబరులో ఒక విడత, మరుసటి ఏడాది ఎండాకాలం సెలవుల్లో ఇంకో విడత. ఒక్కో విడతకు దాదాపు 24 వేల మంది. మొత్తం ఇంచుమించు 50 వేల మంది పంతుళ్లు తమ జిల్లా దాటకుండా, ఒక్కో విడతలో అందరూ ఒకే రోజు, ఒకే పాఠం నేర్చుకున్నారు. అంతకుముందు మన దేశంలో అంత మందికి ఒక్కసారి తర్ఫీదు ఇచ్చిన దాఖలా నాకు కనిపించలేదు.

ఆ పన్నెండు రోజుల్లో టీవీ వాటా చిన్నది. ఇది గమనించాల్సిన విషయం. ప్రతి రోజూ టీవీ కార్యక్రమం ఉండేది. దానికి తోడు రేడియో కార్యక్రమం ఉండేది. ముందుగానే అచ్చువేసి పంపిన పుస్తకాలుండేవి. చేతులతో చేసి చూసే పనులుండేవి. వీటన్నిటినీ కలిపి నడిపించడానికి ప్రతి కేంద్రంలో ముందే తర్ఫీదు పొందిన ఒక ఉపాధ్యాయుడు ఉండేవాడు. బొమ్మ చూడ్డం, చదవడం, చేయడం, మాట్లాడుకోవడం అన్నీ ఒకదానికొకటి అల్లుకుని ఉండేవి. కరెంటు పోయి టీవీ ఆగితే పుస్తకం ఉంది. పుస్తకంలో అర్థం కాకపోతే పక్కన తొమ్మిది మంది ఉన్నారు.

మా నాయిన ఆ రోజుల గురించి మాట్లాడేటప్పుడు టీవీలో ఏం చూశాడో పెద్దగా చెప్పేవాడు కాదు. "టీవీ చెప్పింది రవ్వంతనే బిడ్డా. దాని మీద మేం పొద్దుగూకేదాక కొట్లాడుకున్నం" అనేవాడు. ఆ కొట్లాటల్లో ఒకటి మా ఇంట్లో చాలా ఏళ్లు నడిచింది. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించి, దాని మీద గాజు గ్లాసు బోర్లిస్తే కొవ్వొత్తి ఆరిపోతుంది, నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. గాలిలో ఐదో వంతు ఆక్సిజన్ కాబట్టి అది ఖర్చయిపోయి ఆ చోటులోకి నీళ్లు ఎక్కాయని అప్పటి పుస్తకాలు చెప్పేవి. వాళ్ల కేంద్రంలో ఒక పంతులు అడ్డం తిరిగాడట. "రెండు కొవ్వొత్తులు పెడితే నీళ్లు ఇంకా ఎక్కువ ఎక్కుతున్నయి కదా, ఆక్సిజన్ రెండింతలయిందా?" అని. మళ్లీ చేశారు. నిజమే, ఎక్కువ ఎక్కాయి. కొవ్వొత్తులు పెరిగేకొద్దీ గ్లాసులో గాలి ఎక్కువ వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఆరిపోయాక చల్లబడి కుంచించుకుపోతుంది, నీళ్లు ఎక్కడానికి అసలు కారణం చాలావరకు అదే. ఆ జవాబుకు వాళ్లు ఆ రోజు చేరారో లేదో నాయినకు గుర్తులేదు. కానీ పుస్తకంలో రాసి ఉన్న మాటను గ్లాసు, కొవ్వొత్తి పెట్టి నిలదీయవచ్చని మెట్రిక్ చదివిన పది మంది పంతుళ్లకు ఆ రోజు తెలిసింది. మా అమ్మ గాజు గ్లాసులు రెండు మసిబారి పగిలిపోయేదాకా మా నాయిన ఊరి పిల్లలతో అది చేయిస్తూనే ఉన్నాడు. నేను సైన్సు టీచరు కావడానికి ఆ గ్లాసులే కారణం.

నాయిన ఇంకో సంగతి చెప్పేవాడు. ఆ పన్నెండు రోజులూ వాళ్లకు వేరే పని పెట్టలేదు. జనాభా లెక్కలు లేవు, ఓటర్ల జాబితా లేదు, ఎవరికీ రిపోర్టు పంపాల్సిన పని లేదు. నేర్చుకోవడమే డ్యూటీ. సర్కారు కొలువులో అట్లాంటి రోజులు మళ్లీ తనకు రాలేదనేవాడు.

సైట్ అద్భుతాలు చేసిందని నేను అనను. దాని మీద జరిగిన అధ్యయనాలు నిజాయితీగానే చెప్పాయి. మొదటి రోజుల్లో వందలాదిగా కూడిన జనం కొన్నాళ్లకు పలచబడ్డారు. పిల్లల్లో భాష కొంత మెరుగైంది గానీ, బడిలో చేరేవాళ్లు పెరగడం, మానేసేవాళ్లు తగ్గడం జరగలేదు. కూలికి పోవాల్సిన పిల్లను టీవీ బడికి తెస్తుందా? తేలేదు. ఏడాది గడవగానే నాసా తన ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకుంది. టీవీ పాఠాలు దింపగల సొంత ఉపగ్రహం మనకు లేదు. ఇన్సాట్-1ఏ 1982లో ఎగిరి కొన్ని నెలలకే పనికిరాకుండా పోయింది, 1983 ఆగస్టులో ఇన్సాట్-1బీ వెళ్లాకే మళ్లీ ఆకాశం నుంచి పాఠం దిగే వీలు వచ్చింది. నడుమ ఏడేళ్లు. కొత్తగా పెట్టిన ట్రాన్స్‌మిటర్ల పరిధిలోకి వచ్చిన పల్లెల్లో టీవీలు పలికాయి, మిగతా చోట్ల జాలీ గొడుగులు తుప్పుపట్టాయి. మా ఊరి జాలీ చివరికి ఎవరి పెరట్లోనో కోళ్ల గూటికి పోయింది.

గొడుగు పోవడం నాకు బాధ కాదు. ఆ పన్నెండు రోజుల పద్ధతి పోవడం బాధ.

1980ల నడిమి నుంచి ఇన్సాట్ ద్వారా బడి కార్యక్రమాలు మళ్లీ మొదలయ్యాయి. హైదరాబాదులో రాష్ట్ర విద్యా సాంకేతిక సంస్థ వచ్చింది. తెలుగులో మంచి కార్యక్రమాలే తీశారు. బడులకు కలర్ టీవీలు, రేడియో కమ్ క్యాసెట్ ప్లేయర్లు పంచారు. పంచిన వస్తువు స్టాక్ రిజిస్టర్‌లోకి ఎక్కింది. అక్కడ చిక్కు మొదలైంది. పోతే, పగిలితే హెడ్మాస్టర్ జీతం నుంచి కోస్తారన్న భయం. చిన్న బళ్లకు తలుపులే సరిగా ఉండేవి కావు. అందుకని చాలా ఊళ్లలో ఆ టీవీ బీరువాలోకో, సర్పంచి ఇంట్లోకో పోయింది. నేను కొలువులో చేరిన మొదటి బడిలో అట్టపెట్టె కూడా విప్పని క్యాసెట్ ప్లేయర్‌ను చార్జి అప్పగింతలో చూశాను. పాత హెచ్‌ఎం కొత్త హెచ్‌ఎంకు దాన్ని అప్పజెప్పి, సంతకం పెట్టించుకుని, ఊపిరి పీల్చుకున్నాడు. ఆయన తప్పేమీ లేదు. దాన్ని ఎట్లా వాడాలో చెప్పేవాళ్లు ఆ బడికి ఎన్నడూ రాలేదు, పోతే ఏమవుతుందో చెప్పేవాళ్లు మాత్రం ప్రతి ఏడూ వచ్చారు.

అదే కాలంలో తెర లేని మంచి పని ఒకటి జరిగింది. బ్రిటన్ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఊళ్ల మధ్య ఉపాధ్యాయ కేంద్రాలను పెట్టింది. నాలుగైదు బళ్ల పంతుళ్లు అప్పుడప్పుడూ ఒకచోట కూడి, తాము చేసిన పాఠాలు, బొమ్మలు, ఆటలు ఒకరికొకరు చూపించుకునేవాళ్లు. గోడలకు పిల్లల పనులు అతికించిన బళ్లను నేను అప్పుడే మొదటిసారి చూశాను. టీవీ లేని సైట్ అది అనుకోవచ్చు. పథకం 1996తో ముగిసింది. ఉపాధ్యాయ కేంద్రాల స్థానంలో స్కూల్ కాంప్లెక్స్ మీటింగులు మిగిలాయి. వాటిలో ఎంత పాఠం, ఎంత లెక్కల అప్పగింత ఉంటుందో మా టీచర్లందరికీ తెలుసు.

రేడియోను మరిచిపోతే అన్యాయం చేసినట్టే. ఆకాశవాణిలో 'విందాం నేర్చుకుందాం' అని చిన్న తరగతులకు వచ్చేది. రేడియో అడుగుతుంది, ఆగుతుంది, పిల్లలు అరిచి జవాబు చెబుతారు, లేచి గెంతుతారు, మళ్లీ రేడియో మాట్లాడుతుంది. ముందు రోజే టీచరు పాఠం చదువుకుని సామాను సిద్ధం చేసుకుంటే అది పండగలా సాగేది. చదువుకోకపోతే గదిలో రేడియో మోగుతున్నా పిల్లలు కిటికీ బయటికి చూసేవాళ్లు. రెండూ ఒకే మండలంలో, ఒకే వారంలో చూశాను. రేడియో ఒకటే, పాఠం ఒకటే.

తర్వాత 2000 దశకంలో పాఠాల కోసం 'మన టీవీ' అనే చానల్ వచ్చింది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్‌ను పంపారు. చదువు కోసమే కట్టిన ఉపగ్రహం అది. హైస్కూళ్లకు కంప్యూటర్లు వచ్చాయి, వాటితో పాటు కాంట్రాక్టు మీద బోధకులు వచ్చారు, కాంట్రాక్టు గడువు తీరాక వాళ్లు కొలువులు పోగొట్టుకుని వెళ్లారు, కంప్యూటర్లు దుమ్ము పట్టాయి. రాష్ట్రం రెండయ్యాక తెలంగాణలో 'మన టీవీ' టీశాట్ అయింది. 2017 సెప్టెంబరు 5న కేంద్రం దీక్ష అనే ఆన్‌లైన్ వేదిక తెచ్చింది, పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు మొలిచాయి. ఇవన్నీ మంచివే. ఒక్కోదానికి ఒక్కో పూట శిక్షణ. ఒక్కో శిక్షణకు ఒక్కో సంతకం. పంతుళ్లు పదిమంది ఒకచోట పన్నెండు రోజులు కూర్చునే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ స్థితిలో 2020 వచ్చింది. తెలంగాణలో మార్చి 16న బడులు మూశారు. ఎండాకాలం గడిచింది, జూన్ గడిచింది. ఆగస్టు 27న మమ్మల్ని బడులకు రమ్మన్నారు. సెప్టెంబరు 1న మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. నడుమ దొరికింది ఐదు రోజులు. ఆ ఐదు రోజుల్లో మేం నేర్చుకున్నది పాఠం చెప్పే పద్ధతి కాదు, ఎవరింట్లో టీవీ ఉంది, ఎవరికి ఫోను ఉంది, ఎవరికి రెండూ లేవు అనే జాబితా రాయడం.

ఆ జాబితా రాయడానికి ఇంటింటికీ తిరిగాను కాబట్టి చెబుతున్నాను. మా దిక్కు నుంచి బొంబాయి, పుణె పనులకు పోయిన కుటుంబాలు ఆ ఎండాకాలం తిరిగొచ్చి ఉన్నాయి. ఫోను ఉందా అంటే ఉంది. "ఉంటది మేడం, గని ఆళ్ల నాయిన జేబుల ఉంటది. ఆయన పనికి పోయి చీకటి పడ్డంక వస్తడు" అంది ఒక తల్లి. గ్రామీణ భారతంలో బడికి పోయే పిల్లలున్న ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతమైతే 2020లో 61.8 శాతమని అసర్ సర్వే లెక్క. రెండేళ్లలో అంత పెరగడం పెద్ద మార్పే. ఇంట్లో ఫోను ఉండడం వేరు, పదింటికి క్లాసు టైముకు అది పిల్ల చేతిలో ఉండడం వేరు. ఆ తేడా ఇంటింటికీ తిరిగిన టీచరుకు తెలుసు.

మరి మేం ఎంత సిద్ధంగా ఉన్నాం? అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఆ ఏడాది ఐదు రాష్ట్రాల్లో 1,500 మందికి పైగా సర్కారు బడి టీచర్లను అడిగింది. వాటిలో మన రెండు రాష్ట్రాలూ లేవు, అయినా చదువుతుంటే మా స్టాఫ్‌రూమ్ మాటలే విన్నట్టుంది. ఆన్‌లైన్ బోధన గురించి తమకు తెలిసింది చాలదని సగానికి పైగా టీచర్లు చెప్పారు. పిల్లలతో మనసు కలవడం ఇట్లా అసాధ్యమని 80 శాతానికి పైగా, పిల్లలు ఏం నేర్చుకున్నారో తెలుసుకోవడం వీలు కాదని 90 శాతానికి పైగా చెప్పారు. ఆ రెండో మాట, మూడో మాట మొదటి దానికంటే ముఖ్యమైనవని నా అభిప్రాయం. బటన్లు నొక్కడం వారంలో వస్తుంది. మా బడిలో రిటైర్మెంటుకు దగ్గరపడ్డ తెలుగు పండితుడు సార్ గూగుల్ మీట్‌ను తన కోడలి దగ్గర రెండు సాయంత్రాల్లో నేర్చుకున్నారు. నేర్చుకున్నాక ఆయన అడిగిన ప్రశ్న ఇది: "అమ్మా, పద్యం రాగం తీసి చదివి ఆపినప్పుడు పిల్లల మొహం చూస్తేనే గదా నాకు తర్వాతి మాట తోచేది. ఇందులో మొహాలేవి?" నలభై మంది పిల్లలకు నలభై మొదటి అక్షరాలు, రంగు రంగు గుండ్రాల్లో. దానికి ఏ శిక్షణలోనూ జవాబు లేదు.

టీవీ పాఠాల్లో చెప్పినవాళ్లు మంచి టీచర్లే. కష్టపడ్డారు. కానీ ఆ పాఠం ఎట్లా సాగుతుందో మాకు ముందే తెలియదు. టైంటేబుల్ వచ్చేది, పాఠం లోపలి సంగతి వచ్చేది కాదు. పాఠం అయ్యాక ఎంతమంది టీవీలో చూశారు, ఎంతమంది ఫోనులో చూశారు అని ఫోన్లు చేసి, లెక్క రాసి, సాయంత్రానికి పైకి పంపేవాళ్లం. చూశావా అని అడిగితే చూసిన్న మేడం అనేవాళ్లు. ఏం అర్థమైంది అని అడిగే టైము ఆ లెక్కల్లో మిగిలేది కాదు. 1975లో టీవీకి ముందూ వెనకా పంతులు ఉన్నాడు. 2020లో టీవీ వెనక నిలబడి పంతులు తలలు లెక్కపెట్టాడు.

అప్పుడే నేను నాయిన పద్ధతికి పోయాను. పదో తరగతి ఫిజికల్ సైన్స్‌లో వక్రతలాల వద్ద కాంతి పరావర్తనం ఉంటుంది. బడిలో అయితే పుటాకార దర్పణం, కొవ్వొత్తి, తెర పెట్టి చేయిస్తాం. ఇళ్లలో దర్పణం ఎక్కడిది? ముందు రోజు రాత్రి, నాయినలు పని నుంచి వచ్చాక, వాట్సాప్‌లో చిన్న వాయిస్ మెసేజ్ పెట్టాను: రేపు అందరి దగ్గరా ఒక కొత్త స్టీలు గరిటె ఉండాలి. మెరిసేది కావాలి. మరునాడు రాత్రి ఏడున్నరకు క్లాసు. పొద్దున కాదు, ఫోన్లు ఇళ్లకు చేరాక. గరిటె లోపలి వైపు చూసుకోండి, మొహం తలకిందులు. వెనక వైపు చూసుకోండి, మొహం నిటారు, చిన్నది. లోపలి వైపునే ఉంచి కంటికి బాగా దగ్గరికి తెండి. ఒక పిల్ల గట్టిగా అరిచింది, "మేడం, కన్ను సీదా అయింది!" అని. ఆ అరుపు విన్నాక మిగతా మైకులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. నాభి అంటే ఏమిటో ఆ రాత్రి నేను చెప్పలేదు. ఎక్కడ బొమ్మ తిరగబడుతోందో వేలితో కొలిచి రాసుకోమన్నాను. ఫోను లేని పిల్లల్ని ఫోనున్న పిల్లల ఇళ్లకు జోడించాను, గరిటెకు ఫోను అక్కర్లేదు కదా. వారానికోసారి ఊరికి పోయి, హనుమాండ్ల గుడి అరుగు మీద దూరం దూరంగా కూర్చోబెట్టి, ఆ కొలతలు చూసి, అప్పుడు నాభి మాట చెప్పాను.

పక్క బడి సైన్స్ సార్ ఇది విని తన పిల్లలతో చేయించారు. ఆయన దగ్గర నేను గాజు సీసాలో నీళ్లు పోసి అక్షరాలు పెద్దవి చేసి చూపడం తీసుకున్నాను. లెక్కల మేడం ఒకామె తన ఫోనును రెండు స్టూళ్ల మధ్య స్కేలుకు కట్టి, కింద కాగితం మీద రాస్తూ చెప్పడం కనిపెట్టింది, దాన్ని ఫోటో తీసి గ్రూపులో పెడితే వారంలో మా మండలమంతా స్టూళ్లే. కరోనా కాలంలో మాకు పనికొచ్చిన శిక్షణ దాదాపు అంతా ఇట్లా ఒకరి నుంచి ఒకరికి వచ్చిందే. ఎవరూ ఆదేశించలేదు, ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు.

సర్టిఫికెట్లు వేరే దారిలో వచ్చాయి. కేంద్రం టీచర్లకు ఇచ్చే నిష్ఠ శిక్షణను ఆన్‌లైన్‌లోకి మార్చింది. దేశంలో మొదట మొదలుపెట్టింది ఆంధ్రప్రదేశ్‌లోనే, 2020 జులైలో 1,200 మంది కీలక రిసోర్స్ పర్సన్లతో. తర్వాత దీక్షలో 18 మాడ్యూళ్లు అందరికీ వచ్చాయి. వాటిలో కొన్ని చాలా బాగున్నాయి, మూల్యాంకనం మీది దాన్ని నేను రెండుసార్లు చదివాను. కానీ ఒక్కొక్కళ్లం ఒక్కో ఫోనుతో, గడువులోపు ముగించాలన్న తొందరలో, వీడియో తనంతట తాను ఆడుతుండగా వంట చేసుకుంటూ పూర్తిచేశాం. మధ్యలో "రెండు కొవ్వొత్తులు పెడితే?" అని అడిగే పంతులు లేడు. ఉన్నా ఆ ప్రశ్న వినేవాళ్లు పక్కన లేరు.

ప్రైవేటు బడుల టీచర్ల సంగతి చెప్పకుండా ఈ చరిత్ర రాయడం తప్పు. ఆన్‌లైన్ పాఠాలు నిజంగా రోజంతా చెప్పింది వాళ్లు. సొంత ఫోను, సొంత డేటా, సగం జీతం, చాలాచోట్ల అదీ లేదు. ఎంతోమంది కూరగాయలు అమ్మారు, ఉపాధి హామీ పనికి పోయారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. రేషన్ షాపు ముందు వరుసలో ఎంఎస్సీ, బీఈడీ చదివిన టీచరు నిలబడింది. ఆమె సిద్ధంగా ఉందా అని అడిగే హక్కు ఎవరికీ లేదనుకుంటాను.

ఇప్పుడు మళ్లీ కొత్త పెట్టెలు వస్తున్నాయి. ఆంధ్రలో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ ట్యాబులు ఇచ్చారు. రెండు రాష్ట్రాల హైస్కూళ్లలోనూ ఇంటరాక్టివ్ ప్యానెళ్లు గోడలకెక్కాయి. మా బడిలోనూ ఉన్నాయి. బొమ్మ చక్కగా ఉంటుంది, గుండె కవాటాలు తెరుచుకోవడం పిల్లలు నోరు తెరిచి చూస్తారు. శిక్షణ ఒక పూట ఇచ్చారు. వచ్చిన టెక్నీషియన్ కుర్రాడు పాపం మంచివాడు, ఎక్కడ నొక్కాలో అన్నీ ఓపికగా చూపించాడు. పాఠంలో ఎక్కడ ఆపాలో, ఎప్పుడు దాన్ని ఆర్పేసి పిల్లల చేతికి గరిటె ఇవ్వాలో ఆయన చెప్పలేడు. అది మేమే కూర్చుని తేల్చుకోవాలి.

అందుకే మా చుట్టుపక్కల బళ్ల సైన్స్ టీచర్లం కలిసి, కాంప్లెక్స్ మీటింగు నాడు లెక్కల అప్పగింత అయ్యాక మిగిలే రెండు గంటలు మాకు వదిలేయమని హెడ్మాస్టర్లను అడిగాం. ఒప్పుకున్నారు. నెలకొకరు ప్యానెల్ మీద ఒక పాఠం చెబుతారు, మిగతావాళ్లం పిల్లల్లా కూర్చుని అడ్డం తిరుగుతాం. పోయిన నెల ఎనిమిదో తరగతి ధ్వని పాఠం. వీడియోలో గంట మోగుతున్న గాజు జాడీలోంచి గాలి తీసేస్తే శబ్దం ఆగిపోయింది. మాలో అందరికంటే చిన్నది, కొత్తగా డీఎస్సీలో వచ్చిన అమ్మాయి, చెయ్యి ఎత్తింది: "మేడం, వీడియోలో శబ్దం ఆపేయడానికి మ్యూట్ చేసినా అట్లనే ఉంటది కదా, పిల్లలు ఎట్ల నమ్మాలె?" ఆ రెండు గంటలూ దానికే సరిపోయాయి. వచ్చే నెలకు వాక్యూమ్ పంపు ఎవరి బడి బీరువాలో ఉందో వెతికి తేవాలని రాసుకున్నాం.